ఆరు వేలు పంచితే ఇల్లు లేస్తుందా?

తుఫాను వచ్చి, ప్రభుత్వం సాయం డబ్బు ప్రకటించిన ప్రతిసారీ మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో ఒకటే పాట. "మనం టాక్సులు కట్టడం, వాళ్లు ఊరికే పంచిపెట్టడం" అని ఎవరో ఒకరు మొదలెడతారు. నలుగురు బొటనవేళ్లు పెడతారు. ఐదో ఆయన "ఓట్ల కోసమే కదండీ" అంటాడు. అంతటితో చర్చ సమాప్తం. ఈశాన్య రుతుపవనాలు మళ్లీ దగ్గరపడుతున్నాయి కాబట్టి, ఆ పాట మొదలవకముందే నా కడుపులో ఉన్నది కక్కేస్తున్నాను. తిట్టదలచుకున్నవాళ్లు పూర్తిగా చదివి తిట్టండి.

2023 డిసెంబరులో మిచౌంగ్ తుఫాను తీరం దాటింది ఆంధ్రాలోని బాపట్ల దగ్గర. ముంచింది మాత్రం మా చెన్నైని. తమిళనాడు ప్రభుత్వం ఇక్కడా, పక్క జిల్లాల్లోనూ దెబ్బతిన్న ప్రాంతాల కుటుంబాలకు టోకెన్లిచ్చి, రేషన్ షాపుల్లో 6,000 రూపాయల చొప్పున నగదు పంచింది. ఇక మొదలైంది గోల. చేతికెందుకిస్తున్నారు, బ్యాంకులో వేయొచ్చుగా అన్న వాదన హైకోర్టు గుమ్మం దాకా వెళ్లింది. ఇంకోపక్క చెన్నైకీ ఢిల్లీకీ మధ్య అబ్బ సొమ్ము పంచాయితీ. మేమేమన్నా మీ నాన్న డబ్బు అడుగుతున్నామా అని అప్పటి తమిళనాడు మంత్రి ఉదయనిధి, దానికి అంతే ఘాటుగా కేంద్రం తరఫున ఆర్థిక మంత్రి నిర్మలా సీతారామన్. టీవీల వాళ్లకు వారం రోజులు పండగ.

నా మటుకు నాకు నగదు ఇవ్వడం తప్పే కాదు. నడుంలోతు నీళ్లలోంచి బయటపడ్డవాడికి ఫోన్ పనిచేయదు, వీధి చివర ఏటీఎం పనిచేయదు. ఖాతాలో వేస్తే ఆ పొద్దే ఈఎంఐ కింద బ్యాంకువాడు లాగేసుకుంటాడు. చేతిలో పడితే పాలు, పరుపు, నాలుగు గిన్నెలు కొనుక్కుంటారు. దాన్ని ఉచితం అనేవాళ్లు, నీళ్లలో మునిగిన తమ కారుకి ఇన్సూరెన్స్ వాళ్లను ఎన్ని ఫోన్లు చేసి సతాయించారో గుర్తు తెచ్చుకోవాలి. "అది ప్రీమియం కట్టాం కదా" అంటారని తెలుసు. ఆ ఆరు వేలు తీసుకునే కూలీ అగ్గిపెట్టె కొన్నా, సబ్బుబిళ్ల కొన్నా జీఎస్టీ కట్టే కొంటున్నాడు స్వామీ.

నా గొడవ వేరే. ఇచ్చిన డబ్బుకీ, జరిగిన నష్టానికీ సంబంధమే లేదు.

మా వీధిలో నెల్లూరు వైపు నుంచి వచ్చిన ఒక అక్క జాకెట్లు కుడుతుంది. కింది వాటా, అద్దె. ముందు గది దుకాణం, వెనక గది కాపురం. నీళ్లు తీశాక వెళ్లి చూస్తే కుట్టు మిషన్ మోటారులోంచి బురద కారుతోంది. ఓవర్‌లాక్ మిషన్ పక్కకి ఒరిగి ఉంది. ఫాల్ వేయడానికి ఎవరో ఇచ్చిన పట్టుచీర రంగు దిగి, పక్కనున్న తెల్ల లైనింగు గుడ్డలన్నీ ఎరుపెక్కాయి. రేషన్ కార్డు చూస్తే సొంతూళ్లో ఉంది. కార్డు లేనివాళ్లు కూడా దరఖాస్తు పెట్టుకోవచ్చంటున్నారక్కా అని చెప్పాను. "ఆ డబ్బు సంగతి తర్వాత చూద్దాం తమ్ముడూ, ముందు ఈ చీర ఆవిడకి నేనేం చెప్పాలి?" అంది. ఇదే వీధిలో మూడో అంతస్తులో ఉండే నాలాంటివాడికి పోయిందల్లా కరెంటు, రెండు రోజుల నిద్ర. లెక్క ప్రకారం ఇద్దరం ఒకే ప్రాంతపు బాధితులం.

విజయవాడలో 2024 సెప్టెంబరులో బుడమేరు వాగు పొంగినప్పుడు అక్కడి ప్రభుత్వం కింది అంతస్తు మునిగినవాళ్లకి 25,000, పైఅంతస్తుల వాళ్లకి 10,000 ప్రకటించింది. ఆటోకి ఇంత, బైకుకి ఇంత, చిన్న దుకాణానికి ఇంత అని కూడా పెట్టింది. పేర్లు రాయడంలో అక్కడా నానా గోల జరిగింది, నేనేం భజన చేయడం లేదు. కానీ నీళ్లు కిందనే ఎక్కువ ముంచుతాయన్న ఇంగితమైనా అందులో ఉంది.

ఇంకా విడ్డూరం ఫెంగల్ తుఫానుది. 2024 నవంబరు 30న పుదుచ్చేరి దగ్గర తీరం దాటింది. పుదుచ్చేరి ప్రభుత్వం రేషన్ కార్డుకి 5,000 ఇస్తే, సరిహద్దు ఇవతల విల్లుపురం, కడలూరు వాళ్లకి తమిళనాడు ఇచ్చింది 2,000. అటువైపు ఊళ్లు ఒకదాంట్లో ఒకటి కలిసిపోయి ఉంటాయి, వీధి దాటితే వేరే ప్రభుత్వం. అదే గాలి, అదే వాన. చెన్నైలో అయితే 6,000, విల్లుపురంలో అయితే 2,000 ఎలా అయింది? ఇక్కడ కెమెరాలు ఎక్కువ కాబట్టి అని నా అనుమానం.

ఇదేదో మన దేశపు జబ్బే అనుకోకండి. 2005లో కత్రినా హరికేన్ న్యూ ఆర్లీన్స్‌ని ముంచాక, లూసియానా రాష్ట్రం ఇళ్లు తిరిగి కట్టుకోడానికి లక్షన్నర డాలర్ల దాకా ఇచ్చే పథకం పెట్టింది. మెలిక ఎక్కడంటే, తుఫానుకి ముందు ఇంటి ధర, మరమ్మతు ఖర్చు, ఈ రెండింట్లో ఏది తక్కువైతే దాని మీద లెక్క. నల్లజాతివాళ్ల పేటల్లో ఇళ్ల ధరలు ముందునుంచీ తక్కువ. గోడలు ఒకేలా కూలినా, వాళ్ల చేతికి తక్కువ వచ్చింది. కోర్టుకెక్కితే 2011లో రాజీ కుదిరింది, అంటే తుఫాను వచ్చిన ఆరేళ్లకి.

మన కేంద్రం 2022-26కి పెట్టిన విపత్తు సాయం నిబంధనల్లో మైదాన ప్రాంతంలో పూర్తిగా కూలిన ఇంటికి 1,20,000. చెన్నైలో ఆ డబ్బుతో ఒక గది గోడలు లేపి రేకులు వేస్తే గొప్పే. అదీ ఇల్లు తనదైతే. అద్దెకున్నవాడికి కూలింది ఇల్లు కాదట, సామాను మాత్రమేనట! ఇక చెన్నైలో అడయారు, కూవం నదుల ఒడ్డున గుడిసెల వాళ్లకి పునర్నిర్మాణం అంటే ఊరి శివారు పెరుంబాక్కంలోని ప్రభుత్వ ఫ్లాట్లకి తరలింపు. అది ఎక్కడుందనుకున్నారు? ఒకప్పుడు వేల హెక్టార్లున్న పళ్లికరణై చిత్తడి నేల పక్కన. నది వరద నుంచి తీసుకెళ్లి చిత్తడి వరదలో పెట్టి, తాళాలు చేతికిస్తూ ఫొటో దిగారు.

కాబట్టి ఇవ్వాలా వద్దా అన్న వాదన నాకు విసుగు. ఇవ్వాలి. ఎవరికి ఎంత పోయిందో లెక్క రాసి ఇవ్వాలి. ఆ లెక్క నీళ్లు వచ్చాక రాయడం ఎవరివల్లా కాదు, వానలకు ముందే రాసి పెట్టుకోవాలి. ఏ ఇంట్లో కింద ఎవరున్నారు, సొంతమా అద్దెనా, అక్కడే చేసుకునే పని ఏమిటి, మిషన్లేమున్నాయి. ఈ లెక్క రాయడానికి మనుషులు లేరని మాత్రం కార్పొరేషన్ చెప్పకూడదు. దోమల పిల్లలున్నాయా అని డ్రమ్ముల్లోకి, పూలకుండీల్లోకి టార్చి వేసి చూసేవాళ్లు ఇప్పటికే ఇంటింటికీ వస్తున్నారు. వాళ్ల చేతికి ఇంకో కాగితం ఇచ్చి, దానికి తగ్గట్టు జీతం కూడా పెంచండి.