జపమాల సంచి గారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ జపమాల సంచి గారి సన్నిధికి,

నమస్కరించి వ్రాయునది. ఆబిడ్స్ మందిరం దగ్గర తమరిని కొన్నది భక్తితో కాదు. ఇంగ్లండ్ పాటల బృందం బీటిల్స్‌లోని జార్జ్ హారిసన్ అంతటివాడు తమబోటి గుడ్డసంచిలో చెయ్యి పెట్టి హరేకృష్ణ మంత్రం జపించేవాడని తెలిసి, దొర మెచ్చిన సరుకు మనకెందుకు చేదని కొన్నాను. మా తాతగారి తులసిమాల ఇరవై ఏళ్లుగా అటక మీదే ఉంది, అది వేరే సంగతి.

అప్పటినుంచి మియాపూర్‌లో మెట్రో ఎక్కి నాంపల్లిలో దిగేదాకా, పక్కన దొరికిన వాళ్లకు హారిసన్ పుణ్యచరిత్ర వినిపిస్తున్నాను. 1968లో ఋషీకేశ్‌కు వచ్చాడు, 1973లో లండన్ దగ్గర ఒక పెద్ద బంగళానే కృష్ణభక్తులకు ఇచ్చేశాడు, 1978లో పుట్టిన కొడుక్కి మన సప్తస్వరాల్లోని చివరి రెండూ కలిపి ధని అని పేరు పెట్టుకున్నాడు. ఇదంతా మన సంస్కృతి ఖాతా. 1966లో పెళ్లాడిన ప్యాటీ బాయ్డ్‌తో కాపురం చెడి 1977లో విడాకులు కావడం, రెండేళ్లకు ఆమె ఆయన ఆప్తమిత్రుడు ఎరిక్ క్లాప్టన్‌నే చేసుకోవడం, ఆ విందుకు ఈయన నవ్వుతూ వెళ్లి వాయించి రావడం ఇంగ్లండ్ ఖాతా. మహర్షి మహేశ్ యోగి ధ్యానమార్గం వైపు ఆ ఇంట్లో ముందు మొగ్గింది ప్యాటీయే అన్నది మాత్రం ఏ ఖాతాలోనూ ఇమడక, ఆ ముక్క చెప్పడం మానేశాను.

ఆయన జపంలో పడితే ఇంట్లో మనుషులు కనిపించేవారు కాదట. ఇది చదివి వినిపించినప్పుడు మా ఆవిడ, పాలు పొంగుతున్నాయని రెండుసార్లు పిలిచానని మాత్రం అని స్టవ్ కట్టేసింది.

తమ నిర్మాణంలోని చమత్కారం గురించి చెప్పకపోతే ఈ లేఖ నిండదు. నూట ఎనిమిది పూసలూ లోపల, పూసలను తాకకూడని చూపుడువేలు ఒక్కటే రంధ్రంలోంచి బయట. ఖైరతాబాద్ దాటేలోపు నేను ఆ వేలితో ప్యాటీని, క్లాప్టన్‌ను, ఎదుటి సీటులో తల వంచుకుని ఫోను చూసుకునే ఏ పాపమూ ఎరుగని కుర్రాణ్ణి కూడా చూపించి తీర్పు చెబుతుంటాను. లోపల బొటనవేలు ఏ పూస దగ్గర ఆగిపోయిందో నాంపల్లిలో దిగాక గానీ గుర్తు రాదు.

మొన్న తమ రంధ్రం చుట్టూ కుట్లు ఊడిపోతే మా వీధి దర్జీ దగ్గరికి తీసుకెళ్లాను. సంచి అంతా కొత్తగానే ఉంటే ఈ ఒక్కచోటే ఇంతగా అరిగిందేమిటని ఆయన అడిగాడు. జపం ఎక్కువైందని చెప్పాను.

ఇట్లు,
తమ విధేయుడు