ఉత్త కొమ్మ మీద కాపురం పెట్టినవారికి

మహారాజశ్రీ వైట్ టెర్న్ అనే తెల్లని సముద్రపు పక్షి వారి సముఖానికి,

బరంపురం నుంచి కాబోయే ఇంటి యజమాని నమస్కరించి రాయునది. మీలో ఆడా మగా ఒకేలా ఉంటారట. శ్రీ అనాలో శ్రీమతి అనాలో తెలియక 'వారు' అని సరిపెట్టాను.

ఒళ్లంతా తెలుపు, కళ్ల చుట్టూ మాత్రం కాటుక పెట్టినట్టు నల్లటి వలయం. అందుకే ఆ కళ్లు ఉన్నవాటికంటే పెద్దగా కనిపిస్తాయి. పొడవు సుమారు ఓ అడుగు, బరువు ఓ వంద గ్రాములు. మా మనవరాలు ఫోన్లో మీ ఫొటో చూపించి, "తాతా, ఈ పిట్ట ఇల్లే కట్టుకోదు తెలుసా?" అంది. నాన్న పేరు మీదున్న స్థలాన్ని నా పేరుకు మార్పించుకుందామని వెళ్లి, నేను అప్పుడే ఆఫీసు నుంచి పదకొండోసారి ఉత్తచేతులతో వచ్చి చెప్పులు విడుస్తున్నాను. ఒళ్లు మండింది.

పుల్ల లేదు, పీచు లేదు. కొమ్మ మీద ఏ చిన్న గుంటో చూసుకుని ఒకే ఒక్క గుడ్డు. ఇద్దరూ వంతులేసుకుని అయిదు వారాలు పొదుగుతారు. గూడు లేకపోతే అందులో చేరే పేల బాధ కూడా ఉండదని పక్షుల సంగతి తెలిసినవాళ్లు అంటారు. ఇక మీ పిల్ల గట్టి గోళ్లతోనే పుట్టి, ఆ గోళ్లతోనే కొమ్మను కరుచుకుంటుంది. 2013 అక్టోబరు 12 రాత్రి ఫైలిన్ తుఫాను గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటినప్పుడు మా వంటింటి రేకు లేచిపోయి రెండు వీధుల అవతల దొరికింది. దానికి ఎనిమిది బోల్టులు బిగించామండీ.

మీకు సీషెల్స్‌లో కాపురం, మాల్దీవుల దక్షిణపు కొసన అడ్డూలో కాపురం, అట్లాంటిక్‌లో అసెన్షన్ దీవిలో ఒకటి, పసిఫిక్‌లో లెక్కలేనన్ని. ఎక్కడా నివాస ధ్రువపత్రం అడగలేదు. మా తాతలు గడప దాటకుండానే మద్రాసు రాష్ట్రం నుంచి ఒరిస్సాకు వచ్చిపడ్డారు. 1936 ఏప్రిల్ 1న ఇల్లు అక్కడే ఉంది, రాష్ట్రమే మారింది.

అసలు చిక్కు ఇంటిపేరుతో వచ్చింది. మనవాళ్లు ఇంటిపేరు ముందు రాస్తారు, ఒడియావాళ్లు చివర. నాన్న పట్టా చివర నాన్న పేరుంది, నా కార్డు చివర నా పేరుంది. గుమాస్తా రెండూ పక్కపక్కన పెట్టి, కళ్లజోడు పైకి నెట్టి, "సర్‌నేములు కలవడంలేదు, నువ్వు ఆయన కొడుకువెలా అవుతావు?" అన్నాడు. డెబ్బై ఏళ్లకు ఈ సందేహం! ఇంటిపేరుంది, ఇల్లు లేదు. మీకు రెండూ లేవు, హాయి.

హోనలులు నగరం 2007లో మిమ్మల్ని అధికార పక్షిగా ప్రకటించింది కూడానట. మీ గుడ్డున్న చెట్టుకు అక్కడివాళ్లు నీలం రిబ్బను కడతారు, కొమ్మలు నరికేవాళ్లు జాగ్రత్తపడతారని. మా వీధిలో గోడ మీద ఎర్ర రంగుతో గుర్తు పెట్టారంటే, ఆ గోడ రోడ్డు వెడల్పులో పోతుందని అర్థం.

ఒక్కటి మాత్రం మనస్ఫూర్తిగా అడుగుతున్నాను. పిల్లకు తెచ్చేటప్పుడు ముక్కులో నాలుగైదు చేపలు అడ్డంగా, వరసగా వేలాడుతుంటాయి. ముందు పట్టినది జారిపోకుండా తర్వాతది ఎలా పడతారు? నాకూ కొంచెం అబ్బింది లెండి: ఒక చేత్తో జిరాక్సులు, ఒక చేత్తో గొడుగు, పళ్ల మధ్య పెన్ను మూత. కానీ సంతకం పెట్టమనగానే అన్నీ కిందపడతాయి.

మా స్థలంలో ఓ మామిడిచెట్టుంది. ఒక కొమ్మ అడ్డంగా పెరిగింది, మధ్యలో సరిగ్గా గుడ్డు పట్టేంత గుంట. ఈ తీరానికి మీరు కాపురానికి రారని తెలుసు. ఎప్పుడైనా మనసు మారితే, మీ పేరులో 'వైట్' ముందుండాలో వెనకుండాలో ఒడియాలో రాయించుకుని మరీ రండి. కొమ్మ కూడా ఇంకా నాన్న పేరు మీదే ఉంది.

ఇట్లు,
తన తండ్రికి కొడుకో కాదో తేలని ఒక బరంపురం వాస్తవ్యుడు