కొత్త వేరుశనగ విత్తనాన్ని ఊరి కమిటీ దాచేసిందా?

ఖరీఫ్ దగ్గర పడితే చాలు, రాయలసీమ రైతుల వాట్సాప్ గ్రూపుల్లో ఇలాంటి మెసేజ్ ఒకటి తిరుగుతుంది: ‘కొత్త రకం బస్తాలు వచ్చాయి. కమిటీ వాళ్లు గోడౌన్‌లో దాచారు. వాళ్లూ వాళ్ల చుట్టాలే పంచుకున్నారు. వాళ్ల దగ్గర మనం కొనుక్కుంటే కేసు పెడతారు.’ ఇందులో ఉన్నవి మూడు మాటలు. ఒకటి తప్పు, ఒకటి సగం నిజం, మూడోది శుద్ధ అబద్ధం.

ముందు దాచడం సంగతి. వరి నాటుకు ఎకరాకు 25 కిలోల విత్తనం చాలు. 25 క్వింటాళ్లు పండితే అది వంద రెట్లయినట్టు. వేరుశనగ అలా కాదు. ఎకరాకు 60 కిలోల పైచిలుకు గింజలు కావాలి, అంటే కాయల్లో సుమారు క్వింటాలు. 10 క్వింటాళ్ల మంచి దిగుబడి వచ్చినా పది రెట్లే. ఈ ఏడు ఒక ఎకరా వేస్తే, మరుసటి పంటకు పది ఎకరాలు, ఆపైన వంద. లక్షల ఎకరాల్లో వేరుశనగ వేసే ఉమ్మడి అనంతపురం జిల్లాకు కొత్త రకం చేరాలంటే ఎన్ని పంటలు గడవాలో మీరే లెక్క వేసుకోండి. కదిరి పరిశోధన కేంద్రం నుంచి వచ్చిన కదిరి లేపాక్షి అనే వేరుశనగ రకమైనా ఈ లెక్క దాటి పోలేదు. మొదటి ఏళ్లలో విత్తనం కనబడకపోవడానికి గోడౌన్ తాళమే కారణం కానక్కర్లేదు.

‘కమిటీ వాళ్లే పంచుకున్నారు’ అన్నది సగం నిజం. ఆంధ్రప్రదేశ్‌లో సబ్సిడీ విత్తనానికి రైతు సేవా కేంద్రంలో పేరు నమోదు చేయించుకుని, తన వాటా డబ్బు కట్టి, వేలిముద్ర వేసి తీసుకోవాలి. కమిటీ అంటే ఊరి వ్యవసాయ సలహా మండలి అనుకుంటే, దాని పని, పేరులో ఉన్నట్టే, సలహా చెప్పడం. అయితే ఊళ్లోనే విత్తనం పండించుకునే గ్రామ విత్తన పథకం కింద వచ్చే ఫౌండేషన్ విత్తనం (విత్తనం పెంచడానికి ఇచ్చే మూల విత్తనం), అదే తెల్ల ట్యాగ్ బస్తా, అందరికీ రాదు. ఒక్కో రైతుకు ఒక ఎకరాకు సరిపడా మాత్రమే ఇస్తారు. ఆ కొద్దిమందిని ఎంచేటప్పుడు పలుకుబడి పనిచేయదని నేను అనను. ఎంచిన పేర్లు కేంద్రం గోడ మీద అంటిస్తే సగం గొడవ అక్కడే తీరిపోతుంది. కానీ కంది లాంటి పంటల విత్తనం ఒకే చోట ఆనుకుని ఉన్న పొలాలకు ఇచ్చారంటే దాన్ని పక్షపాతం అనుకోకండి. ఆ పంటల్లో తేనెటీగలు పక్క చేలోని వేరే రకం పుప్పొడి మోసుకొస్తాయి, రకం కల్తీ అవుతుంది.

ఆ మెసేజ్ రాసినవాళ్లు అసలు అన్యాయాన్ని మాత్రం వదిలేశారు. కౌలు రైతు. పట్టాదారు పాస్‌బుక్ చూసి విత్తనం ఇచ్చే చోట, దున్నేవాడికి కాకుండా హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో ఉండే భూయజమాని పేరుకు వాటా పడుతుంది. ఆంధ్రప్రదేశ్ 2019లో తెచ్చిన పంట సాగుదారుల హక్కుల చట్టం కౌలు రైతుకు 11 నెలల సాగు హక్కు పత్రం ఇస్తామంది, కానీ దానికి యజమాని సంతకం తప్పనిసరి చేసింది. సంతకం పెడితే భూమి పోతుందేమోనని ఆయనకు టెన్షన్. కమిటీని నిలదీయాలనుకుంటే ఈ ప్రశ్న అడగండి: మన ఊళ్లో కౌలుకు చేసేవాళ్లలో ఎంతమందికి బస్తా అందింది?

ఇక కేసు మాట. 2001 నాటి మొక్కల రకాల పరిరక్షణ, రైతుల హక్కుల చట్టం ప్రకారం రైతు తను పండించిన విత్తనాన్ని దాచుకోవచ్చు, మళ్లీ విత్తుకోవచ్చు, పక్కవాడితో మార్చుకోవచ్చు, అమ్ముకోవచ్చు కూడా. బ్రాండ్ పేరుతో సంచుల్లో నింపి అమ్మకూడదు, అంతే. ఈ భయం బహుశా గుజరాత్ నుంచి వచ్చి ఉంటుంది. అక్కడ తమ రకం పండించారని బంగాళదుంప రైతుల మీద కేసులు వేసిన పెప్సీకో 2019లో వాటిని వెనక్కి తీసుకుంది. హైబ్రిడ్ పత్తి గింజలు దాచి వేస్తే మాత్రం పంట ఒకేలా రాదు. అది చట్టం సంగతి కాదు, ఆ విత్తనం గుణమే అంత.

కాబట్టి ఊళ్లో తెల్ల ట్యాగ్ బస్తా ఎవరికి దక్కిందో కనుక్కోండి. కాయలు మిల్లుకు పోకముందే ఒక క్వింటాలుకు మాట అనుకోండి. కొన్నాక 100 గింజలు తడిగుడ్డలో చుట్టి చూడండి. 70కి తక్కువ మొలిస్తే ఆ కాయలు విత్తనానికి పనికిరావు.