‘డ్రైవర్ నిర్లక్ష్యం’ గారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ ‘డ్రైవర్ నిర్లక్ష్యం’ గారికి నమస్కరించి వ్రాయునది.

రోడ్డు మీద నెత్తురు ఆరకముందే, క్రేను రాకముందే, కొలత టేపు జీపులోంచి దిగకముందే తమరు ఘటనాస్థలికి చేరుకుంటారు. మరునాడు జిల్లా పేజీలో ‘పోలీసులు ప్రాథమికంగా నిర్ధారించారు’ అనే పల్లకీ ఎక్కి ఊరేగుతారు. ఆ ప్రాథమికం తరువాత మాధ్యమికం ఏమైందో ఇన్నేళ్లలో నేను ఏ పత్రికలోనూ చదివిన గుర్తు లేదు.

తమరి పలుకుబడి సామాన్యమైనది కాదు. 2016లో జరిగిన రోడ్డు ప్రమాదాల్లో 84 శాతానికి డ్రైవర్ల తప్పే కారణమని కేంద్ర రవాణా శాఖ వార్షిక నివేదికే రాసింది. తరువాత పట్టికలు మారి, తమరి తమ్ముడు ‘అతివేగం’ గారు గద్దెనెక్కారు. 2022లో మరణించిన 1,68,491 మందిలో 71 శాతం పైచిలుకు ఆయన ఖాతాలో పడ్డారు. ఆయన నిర్దోషి అని నేననను. సగటు వేగం ఒక్క శాతం పెరిగితే ప్రాణాంతక ప్రమాదాల ముప్పు సుమారు 4 శాతం పెరుగుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతూనే ఉంది. అయితే ఊరి నడుమ నుంచి నాలుగు వరుసల రహదారి వేసి, బడిపిల్లలు దాటడానికి డివైడర్‌లో ఒక సందు వదిలి, ఆపైన ఇంత వేగం ఎక్కడినుంచి వచ్చిందని విస్తుపోయేవారి పేరు రాయడానికి ఆ పట్టికలో గడి లేదు.

అమెరికాలో రహదారి భద్రత కోసం 1966లో ఏర్పడిన ప్రభుత్వ సంస్థకు తొలి అధిపతి అయిన విలియం హాడన్ అనే వైద్యుడు ప్రమాద కారణాలు వెతకడానికి పట్టిక రూపంలో తొమ్మిది గదుల ఇల్లు కట్టిపెట్టాడు. ప్రమాదానికి ముందు, ప్రమాద క్షణంలో, ప్రమాదం తరువాత అని మూడు అంతస్తులు. ప్రతి అంతస్తులోనూ మనిషికొకటి, వాహనానికొకటి, పరిసరాలకొకటి గది. తమరు మొదటి అంతస్తు మొదటి గదిలో దిగి, మిగతా ఎనిమిదింటికీ తాళాలు వేసి, గుత్తి మొలలో దోపుకున్నారు.

2013 అక్టోబరు 30 తెల్లవారుజామున మహబూబ్‌నగర్ జిల్లా పాలెం దగ్గర, బెంగళూరు నుంచి హైదరాబాదు వస్తున్న బస్సు కల్వర్టును ఢీకొని మంటల్లో చిక్కుకోగా 45 మంది చనిపోయారు. ఆ బస్సులో తమరూ ఉన్నారంటే కాదనను. కాని కల్వర్టుకు తగిలిన బస్సు సొట్టపోవాలి గాని కొలిమి ఎందుకైంది? ఆ కల్వర్టు బండికి తగిలేంత చేరువలో ఎందుకుంది? నిద్రలో ఉన్నవారు దిగడానికి ఎన్ని దారులున్నాయి? డ్రైవర్ జాగ్రత్తగా ఉంటే ఈ ప్రశ్నలే పుట్టవని తమరి వాదన. 1959లో నిల్స్ బోలిన్ రూపొందించిన మూడు బిందువుల సీటు బెల్టు ఏ డ్రైవర్‌నూ పిసరంత బుద్ధిమంతుణ్ణి చేయలేదు. ప్రాణాలు మాత్రం నిలిపింది. మనిషి పొరపాటు చేయక మానడు కనుక ఆ పొరపాటు చావుదాకా పోకుండా రోడ్లనూ బళ్లనూ తీర్చిదిద్దాలని స్వీడన్ పార్లమెంటు 1997లో ఒప్పుకుంది. అక్కడ తమరికి పింఛను ఇచ్చారో లేదో తెలియదు.

మన దగ్గర కూడా 2019 మోటారు వాహనాల సవరణ చట్టంలో 198ఏ అనే సెక్షన్ పుట్టింది. రోడ్డు రూపకల్పనలో, నిర్మాణంలో, నిర్వహణలో ప్రమాణాలు పాటించనందువల్ల ప్రాణం పోతే బాధ్యులకు లక్ష రూపాయల వరకు జరిమానా. (ఆ లక్ష కంట్రాక్టరు గారి టీ ఖర్చులో ఎన్నో వంతో లెక్క కట్టే ధైర్యం నాకు లేదు.) తమరు ఎఫ్ఐఆర్‌లో కాళ్లు బారజాపుకుని కూర్చున్నంతకాలం పాపం ఆ సెక్షన్‌కు కూర్చోను చోటేది?

చివరగా ఒక సందేహం. జాతీయ రహదారి మీద ఒక చోటు ‘బ్లాక్ స్పాట్’ అనిపించుకోవాలంటే, సుమారు 500 మీటర్ల నిడివిలో మూడేళ్లలో మరణమో తీవ్ర గాయమో కలిగించిన ప్రమాదాలు 5 అయినా జరగాలి, లేదా 10 మంది అయినా చనిపోవాలి. అంటే వేర్వేరు ఊళ్ల నుంచి వచ్చిన అయిదుగురు డ్రైవర్లు, ఒకరి ముఖం ఒకరు చూడకుండానే, సరిగ్గా ఆ మలుపులోనే నిర్లక్ష్యం వహించాలని కూడబలుక్కున్నారన్నమాట! ఇదెలా సాధ్యమైందో స్వయంగా చూద్దురుగాని, ఒక రాత్రి అటువంటి మలుపు దగ్గరకు దయచేయండి. టేపుతో పాటు టార్చిలైటు కూడా తెచ్చుకోండి. అక్కడ స్తంభం ఉంది గాని దీపం లేదు.

ఇట్లు,
ఒక పాదచారి