చరాంగోకి శ్రుతి చేయబోయి

బొలీవియాలో లా పాజ్ వెళ్లినవాళ్లు ఉన్ని టోపీ కొనుక్కుని బుద్ధిగా తిరిగొస్తారు. నేను చరాంగో కొన్నాను, చిన్న గిటార్ లాంటి తీగల వాయిద్యం. 3,600 మీటర్ల ఎత్తున, సాగర్నాగా వీధి మిట్ట ఎక్కి రొప్పుతున్నవాడు బేరమేం ఆడతాడు, అది వదిలేయండి. పూర్వం దీని డొప్పకి ఆర్మడిల్లో అనే జంతువు పెంకు వాడేవాళ్లు, నాది చెక్కదే. దుకాణం పెద్దాయన మధ్య జత తీగల్ని మీటి మీటి చూపిస్తూ స్పానిష్‌లో ఐదు నిమిషాలు ఏదో చెప్పాడు. మా గైడు అంతా విని, "చాలా మంచి వాయిద్యమట సార్" అన్నాడు. అంతే. రోజు కూలి మాత్రం పూర్తిగా తీసుకున్నాడు.

రాత్రి గదిలో విప్పాను. పది తీగలు, ఐదు జతలు. అమ్మ వీణ శ్రుతి చేస్తుంటే పక్కన కూర్చుని పెరిగిన చెవి కదా, మధ్య జత తేడాగా ఉందని ఇట్టే పట్టేశాను. ఒకటి సన్నగా పలుకుతోంది, పక్కది సరిగ్గా ఒక స్థాయి కింద. ఫోన్‌లో శ్రుతి చూసే యాప్ రెండూ 'ఇ' స్వరమే అంటూ పచ్చలైటు చూపిస్తోంది. యాప్‌కేం తెలుసు!

బిరడా తిప్పాను. తీగ కాస్త పైకొచ్చింది. ఇంకోసారి. పెరూలో కుస్కో వైపు పల్లెల్లో కుర్రాళ్లు రాత్రి చరాంగోని నీటి ఊట దగ్గర వదిలేసి వస్తే సిరేనా అనే జలకన్య వచ్చి శ్రుతి చేసిపెడుతుందని నమ్మకం. నాకు అందుబాటులో ఉన్నది కారే బాత్రూం కుళాయి, అందులోంచి ఎవరూ రాలేదు. మళ్లీ తిప్పాను. తీగ మూలిగింది. "ఇంకొంచెమే తల్లీ" అని బుజ్జగించాను కూడా, నిజంగా, పైకే. ఇంకో సగం చుట్టు...

టప్!

తెగిన కొస కళ్లజోడు మీద ఛెళ్లున కొట్టి కోకా టీ కప్పులో పడింది. పక్కగది ఆయన గోడ మీద రెండు దెబ్బలు వేశాడు. తెగింది నైలాన్ తీగే, ఆయనకి మాత్రం తుపాకీలా వినిపించిందట.

పొద్దున పెద్దాయన పడీపడీ నవ్వాడు. మధ్య జతలో ఒకటి కింది స్థాయిలో, ఒకటి పై స్థాయిలో ఉండటమే దాని పద్ధతట! నిన్న ఐదు నిమిషాలూ చెప్పింది అదేనట. కొత్త తీగ వేసి ఇంకేదో అన్నాడు. గైడు ఈసారి ఒక్క ముక్క కూడా వదలకుండా చెప్పాడు: "దాన్ని ముట్టుకోవద్దంటున్నాడు సార్."

ఇప్పుడు ఎయిర్‌పోర్టులో ఉన్నా. పక్క సీటావిడ సంచి వంక చూసి, ఏదైనా వాయించమంటోంది.