ముందు తోక, తర్వాత ఏనుగు

ఏనుగు వెళ్ళిపోయి తోక చిక్కుకుందని మన సామెత. అమెరికాలో గ్యారేజీలో విమానం కట్టుకునే మా బోటి వాళ్ళది తిరగేసిన కథ. తోక ముందొస్తుంది. ఏనుగు ఎప్పుడొస్తుందో అడగడం మర్యాద కాదు.

ఆరెగాన్‌లోని అరోరా నుంచి వచ్చే వాన్స్ కంపెనీ ఆర్‌వీ-7 విమానం కిట్, అంటే విడిభాగాల కట్ట, తీసుకున్నవాళ్ళు మామూలుగా తోకతోనే మొదలుపెడతారు. విమానాన్ని పక్కకి తిప్పే రడ్డర్, ముక్కు పైకీ కిందికీ ఎత్తే ఎలివేటర్లు అందులోవే. గుర్రం లేదు, కళ్ళెం సిద్ధం. ఇంతకన్నా ముందుచూపున్న విధానం ఇంకోటి లేదని నా నిశ్చితాభిప్రాయం.

ఎలివేటర్ రేకు మందం 0.016 అంగుళం, అంటే 0.4 మిల్లీమీటరు. అందులో ఒక్కో రంధ్రానికీ బారసాల నుంచి పెళ్ళిదాకా అన్నీ జరగాలి. డ్రిల్లు, అంచు గరుకు తీయడం, రివెట్ తల ఇమిడేలా డింపుల్ అనే చిన్న గుంట వేయడం, తుప్పు పట్టకుండా ప్రైమర్ పూత, చివరికి రివెట్. అప్పటిదాకా ముక్కలు విడిపోకుండా క్లెకోలనే వెండిరంగు తాత్కాలిక పిన్నులు గుచ్చి ఉంచుతాం. రివెట్ కొట్టేటప్పుడు గన్ను ఒక్క వెంట్రుకవాసి జారిందా, రేకు మీద నెలవంక పడుతుంది. దాన్ని స్మైలీ అంటారు. ఆ సమయంలో గ్యారేజీలో నవ్వేది అదొక్కటే.

ప్రైమర్ గురించి మాట్లాడకపోవడం మంచిది. అల్‌క్లాడ్ రేకుకి పైన స్వచ్ఛమైన అల్యూమినియం పొర ఉండగా రంగెందుకని ఒక మఠం, ఎపాక్సీ ప్రైమర్ పూయకపోతే మోక్షమే లేదని ఇంకో మఠం. శైవ వైష్ణవులు వీళ్ళకన్నా నయం.

రడ్డర్ వెనక అంచు తిన్నగా రావాలి. వరసగా రివెట్లు కొట్టుకుంటూ పోతే వంకర తిరుగుతుంది, అందుకని అక్కడొకటి ఇక్కడొకటి కొట్టాలి. కుక్క తోకకి గొట్టం కట్టి విసిగిపోయిన మన పెద్దలకి ఈ కిటుకు తెలీదు పాపం.

ఒక్కచోట మాత్రం వేళాకోళం లేదు. ఎలివేటర్ కొసన సీసం బరువు పెట్టేది ఆ కదిలే పలక తన కీలు దగ్గర సమతూకంగా ఉండాలని. రంగు వేశాక వెనక బరువు పెరుగుతుంది కాబట్టి తూకం మళ్ళీ చూసుకోవాలి. తేడా వస్తే, వేగంలో పలక దానంతటదే టపటపా కొట్టుకుంటుంది. ఆ ఫ్లట్టర్‌కి తోక ఊడిరావడానికి క్షణాలు చాలు.

ఇక అమెరికా విమానయాన శాఖ ఎఫ్‌ఏఏ రూలు. సగానికి మించిన పని కట్టేవాళ్ళే, కేవలం చదువు కోసమో సరదా కోసమో చేసి ఉండాలి. రాత్రి పదకొండింటికి చెడిన రివెట్‌ని డ్రిల్లుతో తీస్తూ నాలో నేను తిట్టుకుంటుంటే, మా ఆవిడ ఇది చదివి వినిపించి, "ఈ రెండిట్లో ఇదేదండీ?" అంది. ఫారంలో మూడో గడి చేర్చాలని ప్రభుత్వానికి నా మనవి.

మొన్న ఆదివారం అమ్మ వీడియో కాల్‌లో గోడకి వేలాడుతున్న రడ్డర్ చూసింది.

"ఎంతవరకొచ్చిందిరా?"

"తోక అయిపోయిందమ్మా."

"గాలిపటానికి రెండేళ్ళా?" అంది.