వెయ్యేళ్ల మిఠాయి, ఒక్క మనవరాలు

నవంబరు వచ్చిందంటే, షిచి-గో-సాన్ అనే పిల్లల పండుగకు, జపాన్‌ సంప్రదాయ మతమైన షింటో ఆలయాల ముందు కిమోనోలు కట్టిన చిన్నపిల్లలు కనిపిస్తారు. ఏడేళ్ల పాప నడుముకు ఓబీ పట్టీ ఎంత బిగించి ఉంటుందంటే, వంగలేదు. కొత్త జోరీ చెప్పులు కరుస్తుంటాయి. చేతిలో కొంగ, తాబేలు బొమ్మలున్న పొడవాటి కాగితం సంచి. అందులో ఎరుపు, తెలుపు కడ్డీల్లాంటి చితోసె-అమె, అంటే 'వెయ్యేళ్ల మిఠాయి'. సంచి నేలకు రాసుకుంటుంటే అమ్మమ్మ అందుకుంటుంది. పెద్దయ్యాక ఆ పాపకు పూజారి ఏం చదివాడో గుర్తుండదు. చెప్పు కరిచిన చోటు, పళ్లకు అతుక్కున్న తీపి గుర్తుంటాయి.

'మాకు మతం లేదు' అనే జపనీయులు చాలామందే. కొత్త సంవత్సరం రోజున ఆలయాల దగ్గర బారులు తీరేదీ వాళ్లే. టోక్యోలోని మేజీ ఆలయానికి మొదటి మూడు రోజుల్లోనే సుమారు 30 లక్షల మంది వస్తారు. ఇందులో వైరుధ్యమేమీ నాకు కనిపించదు. దేవుడికి మొక్కేటప్పుడు రెండుసార్లు వంగడం, రెండు చప్పట్లు, మళ్లీ ఒకసారి వంగడం పిల్లలకు ఎవరూ పాఠంగా చెప్పరు, నాన్న పక్కన నిలబడితే వచ్చేస్తుంది. ఐదు యెన్‌ల నాణెమే హుండీలో ఎందుకంటే, దాని పేరు 'గోఎన్' అనుబంధం అనే మాటలా వినిపిస్తుంది. బొమ్మల కొలువు పెట్టే ఇంట్లో పెరిగిన మనకు ఇదేమీ వింత కాదు.

నవంబరు పిల్లల పండుగ షిచి-గో-సాన్ అంటే ఏడు-ఐదు-మూడు. ఇప్పుడు ఫొటోల వేడుకలా కనిపించినా దీని వెనుక ఉన్నది భయం. ఏడేళ్లు నిండేదాకా బిడ్డ దేవుళ్ల సొత్తే అనే మాట ఉండేది, ఎప్పుడైనా వెనక్కి తీసుకుపోతారని. అందుకే మూడో ఏట జుట్టు పెంచడం మొదలుపెట్టేవారు, ఐదో ఏట మగపిల్లాడికి హకామా అనే వెడల్పాటి లాగు తొడిగేవారు, ఏడో ఏట ఆడపిల్లకు కిమోనో తాళ్ల ముడులు తీసేసి ఓబీ కట్టేవారు. ఒక్కో మెట్టు దగ్గర తల్లి కాస్త ఊపిరి పీల్చుకునేది.

ఆ భయం ఇప్పుడు లేదు. శిశు మరణాలు అతి తక్కువగా ఉన్న దేశాల్లో జపాన్ ఒకటి. అసలు పుట్టేవాళ్లే తగ్గిపోయారు. 2016లో ఏడాది జననాలు మొదటిసారి 10 లక్షలలోపుకు పడిపోయాయి, 2024లో 6.86 లక్షలే. అద్దె కిమోనోలు, నెలల ముందే స్టూడియో ఫొటోలు పండుగను పాడుచేశాయని విసుక్కునేవారున్నారు. నేను ఒప్పుకోను, అద్దె బట్టలతో ఏ పండుగా చచ్చిపోదు. చేసే మనుషులు లేకపోతే చచ్చిపోతుంది. ఇవాతే ప్రాంతంలోని కొకుసెకి ఆలయంలో వెయ్యేళ్లకు పైగా సాగిన సోమిన్-సాయ్ ఉత్సవం 2024 ఫిబ్రవరితో ఆగిపోయింది. భక్తి తగ్గి కాదు, నిర్వహించే వాళ్లకు వయసు మీరిపోయి, వారి స్థానంలోకి వచ్చేవాళ్లు లేక.

ఇప్పుడు షిచి-గో-సాన్ ఫొటోలో చాలాసార్లు మధ్యలో ఒక్క పాప, చుట్టూ ఆరుగురు పెద్దలు: అమ్మా నాన్నా, అమ్మమ్మా తాతయ్యా, నానమ్మా తాతయ్యా. ఆ మిఠాయి సంచి ఇక నేలకు రాసుకోదు.